కర్పూరమా, సముద్రమా

కొత్తగా చేరేవాళ్ళ కోసం మీ అనుభవాలు రాసివ్వండని మా పరిశోధన కేంద్రం వాళ్ళు అడిగితే ఇంగ్లీషులో రెండు పేజీలు ఇచ్చాను. అందులో అందరూ మంచివాళ్ళే, అన్నీ విజయాలే. ఇది రెండోది, తెలుగులో రాసుకుంటున్నది. ఈ పనిలోకి వచ్చే తెలుగు పిల్లలు ఎవరైనా ఉంటే ఇదే ముందు చదవమంటాను.

అడిగింది పి. వసంత. ఆమె ఇప్పుడు ఆ కేంద్రానికి అధిపతి. ఆమె చేరేనాటికి నేనక్కడ పాతకాపుని. చివరికి ఆమె కింద పనిచేసి రిటైరయ్యాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఒక పూట పట్టింది. ప్రమోషన్ల సంగతి ఇంతటితో సరి.

నా పేరు ఆర్. కోదండరామన్. ముత్తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి పుదుచ్చేరి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. ఇల్లు నెల్లితోపులో. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ చదవడం, రాయడం నాకొక్కడికే వచ్చు, అదీ తిరుపతిలో చదువుకున్న పుణ్యాన. కాబట్టి దీన్ని నా భార్య సరోజకు నేనే చదివి వినిపించాలి. అంతా ఆ వసంత గురించే గదా అంటుంది. అననీ.

పని ఏమిటంటే

నీటి ఆవిరి చల్లబడితే మేఘమవుతుందని బడిలో చెబుతారు. అది సగమే నిజం. ఉత్త గాలిలో ఆవిరి బొట్టుగా మారలేదు. పట్టుకోవడానికి దానికి ఒక రేణువు కావాలి. ఉప్పో, దుమ్మో, పొగో, కంటికి కనిపించనిది ఏదో ఒకటి. దాని చుట్టూ ఆవిరి చేరితే బొట్టు. అలాంటి బొట్లు లెక్కకు మించి చేరితే మేఘం. రేణువులు ఎక్కువగా ఉంటే అదే నీరు చిన్న చిన్న బొట్లుగా పంచుకుపోతుంది. అప్పుడు మేఘం ఇంకా తెల్లబడి ఎండను వెనక్కి కొడుతుంది, వానగా మారడానికి ఆలస్యం చేయొచ్చు. గాలిలో ఏ రేణువులు ఎన్ని ఉన్నాయో కనిపెట్టుకుని ఉండడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టేది అందుకే.

మా కేంద్రం కురుచికుప్పం దాటాక, తీరానికి దగ్గర్లో ఉంటుంది. డాబా మీద ఒక పంపు. అది గాలిని లాగి గుండ్రటి తెల్లటి వడపోత కాగితం గుండా పంపుతుంది. రేణువులు కాగితం మీద మిగిలిపోతాయి. ఆ కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళను కింద నా గదిలో ఉన్న యంత్రంలోకి పంపిస్తే ఏ లవణం ఎంతుందో తెర మీద కొండలుగా లేస్తుంది. ఒక్కో పదార్థానికి ఒక్కో కొండ. నా ఉద్యోగమంతా ఆ కొండలు చూడటమే.

కొత్తవాళ్ళకు నేను మొదట నేర్పేది ఖాళీ కాగితం. ఒక కాగితాన్ని డాబా మీదికి తీసుకెళ్ళి, బిగించి, పంపు వేయకుండానే విప్పి, కిందికి తెచ్చి దాన్నీ పరీక్షించాలి. గాలి లాగని ఆ కాగితం మీద కూడా ఏదో ఒకటి ఉంటుంది. అది మన చెమటది, మన చేతిది, మన నుదుటి విభూతిది. దాన్ని తీసేస్తే మిగిలేదే గాలిది. చాలామంది దీన్ని దండగ పని అనుకుని గాలికి వదిలేస్తారు. నా దగ్గర ఖాళీ కాగితం లేని వారం లేదు.

బొడిపె

సముద్రం పక్కన కూర్చుంటే తెర మీద ఉప్పుకొండ తక్కిన అన్నింటినీ మింగేస్తుంది. అల విరిగి, నురగ పగిలినప్పుడు ఎగిరే తుంపర తాలూకు ఉప్పు అది. ఆ కొండ పాదం దగ్గర కొన్ని నెలల్లో నాకు చిన్న బొడిపె ఒకటి కనిపించేది. ఎంత చిన్నదంటే, నేర్చుకునేవాళ్ళు దాన్ని చూడను కూడా చూడరు. నేను చూశాను. చూసి, యంత్రంలో లోపమనుకున్నాను.

ఆ బొడిపెను పోగొట్టడానికి నేను పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. యంత్రం లోపల కాలమ్ అనే గొట్టం ఉంటుంది, పదార్థాలు విడిపోయేది అందులోనే. దాన్ని కడిగాను. మార్చాను. ఏసీ సరిగా లేదని కరెంటు వాళ్ళతో గొడవపడ్డాను. కంపెనీ మనిషిని పిలిపించి నాలుగు చీవాట్లు పెట్టాను. నేను ఇన్ని చేశాక కొన్నాళ్ళకు బొడిపె పోయేది. నా కడుగుడు వల్లే పోయిందని పొంగిపోయేవాణ్ణి. మళ్ళీ కొన్ని నెలలకు వచ్చేది. మళ్ళీ కడిగేవాణ్ణి.

ఇలా ఇరవై ఏళ్ళు దాటింది.

గదిలో సగం

వసంత రెడ్డియార్‌పాళయం అమ్మాయి. వాళ్ళదీ మాలాగే తెలుగిల్లు, నాన్నకు పప్పుల అంగడి ఉండేది. మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. ఆఫీసులో తమిళం, ఇంగ్లీషు నడిచేవి. మేమిద్దరమే ఉన్నప్పుడు తెలుగు. వచ్చిన రోజే నన్ను అన్నా అని పిలిచింది. ఆ పిలుపు విన్నాక కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది. అసూయకు ఆ ఇబ్బంది లేదు.

ఆమెకు రెండు కొత్త పరికరాలు వచ్చాయి. ఒకటి గాలిలోని రేణువులను సైజుల వారీగా లెక్కపెడుతుంది. రెండోది ఒక తడి గొట్టం. అందులోకి గాలిని పంపితే ఏ రేణువులు నీటిని పట్టుకుని బొట్లవుతాయో చూపిస్తుంది. అంటే గొట్టంలో మేఘం. మా డైరెక్టరు డాక్టర్ సుబ్బరాయన్ వచ్చిన ప్రతి అతిథినీ దాని దగ్గరికి తీసుకుపోయేవారు. నా పంపును ఏనాడూ ఎవరికీ చూపించిన పాపాన పోలేదు. ఆమెకు బల్ల కావాలంటే నా గదిలోనే సగం ఇచ్చారు, అదీ సముద్రం వైపు కిటికీ ఉన్న సగం. నేను గోడ వైపుకు జరిగాను.

సుబ్బరాయన్ గారి గురించి ఉన్నమాట చెప్పాలి. పరికరాలు సంపాదించడంలో ఆయనకు సాటి లేరు. ఎవరి కాళ్ళు పట్టుకోవాలో, ఎవరి మెడలు వంచాలో ఆయనకు తెలుసు. కాకపోతే కొలవడం మొదలుపెట్టకముందే ఫలితం చెప్పేసేవారు. అలాంటి పెద్దవాళ్ళు మీకూ తగులుతారు. వాళ్ళు తెచ్చిన పరికరం తీసుకోండి, వాళ్ళు చెప్పిన ఫలితం మాత్రం పక్కన పెట్టండి.

వసంత చేరిన మొదటి వారంలోనే నా తెర మీద బొడిపెను చూసింది. ఏమిటని అడిగింది. కాలమ్ పాతబడిందని చెప్పాను.

"పాతబడింటే ఎప్పుడూ కనపడాల గదన్నా," అంది. "ఇది వచ్చి పోతా ఉండాదే."

నీ పని నువ్వు చూసుకో అన్న అర్థం వచ్చేలా ఒక నవ్వు నవ్వాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ ప్రశ్న మాత్రం నా బల్ల మీదే ఉండిపోయింది.

ఆయుధపూజ

మా వైపు ఆయుధపూజ అంటే మాటలు కాదు. ఆటోలు, బస్సులు, కుట్టుమిషన్లు, త్రాసులు, అన్నింటినీ కడిగి గంధం, కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తారు. పూజకు పెట్టిన పనిముట్టును మరునాటి దాకా ముట్టుకోరు. మా కేంద్రంలోనూ అంతే. ముందురోజు సాయంత్రమే అన్ని పరికరాలూ ఆపేసి, గాలి లాగే గొట్టాల మూతులకు ప్లాస్టిక్ తొడుగు కట్టేవాళ్ళం. సుబ్బరాయన్ గారు పట్టుపంచె కట్టుకుని ఒక్కొక్క యంత్రానికీ హారతి ఇచ్చేవారు. నాకు ఆ పండగంటే ఇష్టం. ఏడాదికి ఒక్కరోజైనా నా పంపు మెడలో పూలదండ పడేది.

ఒక ఏడు ఆయుధపూజ వారంలో సముద్రం రంగు మారింది. కురుచికుప్పం తీరంలో నీళ్ళు పచ్చగా, చిక్కగా కనిపించాయి. కంటికి ఆనని నాచు కోట్ల కొద్దీ పెరిగి, చావడం మొదలుపెట్టింది. వాసన మా డాబా దాకా వచ్చింది. మనం సముద్రపు వాసన అనుకునేది చాలామటుకు ఆ నాచు వల్లే. దాని ఒంట్లో గంధకం ఉన్న పదార్థం ఒకటుంటుంది. అది చచ్చినా, దాన్ని ఏదైనా పురుగు తిన్నా, ఆ పదార్థం విడిపోయి వాయువై గాలిలోకి లేస్తుంది. ఎండ తగిలి ఆ వాయువు ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లపు అణువులు గుంపుకడితే కొత్త రేణువులు పుడతాయి. అవి తగినంత పెరిగితే మేఘపు బొట్లకు పనికొస్తాయి. నీళ్ళలో బతికే నాచుకు, ఆకాశంలో మేఘానికి చుట్టరికం అదే. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, నేనూ చదివాను. అదంతా ఎక్కడో చల్లటి దక్షిణ సముద్రాల సంగతి, మన బంగాళాఖాతంలో ఊళ్ళ పొగ ముందు ఇదెక్కడ కనబడుతుంది అనుకున్నాను. వసంత అలా అనుకోలేదు.

ఆ వారం పరికరాలు ఆపనని ఆమె చెప్పేసింది. ఇలాంటి సముద్రం మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదంది. ఆయుధానికి ఒక్కరోజైనా విశ్రాంతి ఇవ్వకపోతే అరిష్టమని సుబ్బరాయన్ గారు నొచ్చుకున్నారు. చివరికి రాజీ కుదిరింది. పరికరం నడుస్తూ ఉండగానే పూజ చేయాలి. ఆయన కర్పూరం పళ్ళెం పట్టుకుని డాబా ఎక్కారు. వెనకాల కొబ్బరికాయ పట్టుకుని నేను. గాలి పీల్చే గొట్టానికి గంధం పూసి, దాని మూతి ముందు పళ్ళెం మూడుసార్లు తిప్పారు. గొట్టం ఆ పొగను భక్తిగా పీల్చుకుంది. రేణువులను లెక్కపెట్టే యంత్రానికి హారతి ఇచ్చిన ఘనత ప్రపంచంలో మాకే దక్కి ఉంటుంది. అందరం దండం పెట్టుకుని బొరుగులు తిన్నాం.

నా ప్రశ్న

పండగయ్యాక వసంత తన ఫలితాలు సమావేశంలో చూపించింది. ఆ వారమంతా, మధ్యాహ్నానికి అతి చిన్న రేణువులు పుట్టుకొచ్చాయి. సాయంత్రానికి అవే పెరిగి పెద్దవయ్యాయి. తెర మీద ఆ పెరుగుదల వంపు తిరిగి కనిపిస్తుంది, మా వృత్తిలో దాన్ని అరటిపండు అంటారు. రోజుకో అరటిపండు. సాయంత్రాలు ఆమె తడి గొట్టంలో బొట్ల లెక్క కూడా పెరిగింది. గాలి సముద్రం వైపు నుంచే వచ్చింది. ఇవి నాచు పుట్టించిన రేణువులని ఆమె చెప్పింది. సుబ్బరాయన్ గారు కుర్చీలో నిలవలేకపోతున్నారు.

నా కడుపులో మంట మొదలైంది. ఆ బొమ్మలు అందంగా ఉన్నాయి. నేను అన్నేళ్ళు అదే సముద్రం పక్కన కూర్చుని ఒక్క అరటిపండు చూడలేదు. అప్పుడు నాకు కర్పూరం గుర్తొచ్చింది.

లేచి అడిగాను. ఆ వారం ఊరు ఊరంతా కర్పూరం, సాంబ్రాణి కాల్చింది. సముద్రం వైపు నుంచి వచ్చే గాలంతా సముద్రపు గాలి కాదు. తెల్లవారుజామున ఊరి గాలి నీళ్ళ మీదికి పోతుంది, మధ్యాహ్నం గాలి మళ్ళితే ఆ పొగే తిరిగి మన దగ్గరికి వస్తుంది. ఇది సముద్రం పని అనీ, కర్పూరం పని కాదనీ ఎలా చెబుతారు?

సుబ్బరాయన్ గారికి పూజనాడు తను పట్టుకున్న పళ్ళెం గుర్తొచ్చినట్టుంది, ముఖం కందగడ్డయింది. ప్రశ్న సరైనదే, ఇప్పటికీ అంటాను. శాస్త్రం కోసమే అడిగానంటే మాత్రం ఎవరూ నమ్మొద్దు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం నాకు ఎంతో రుచిగా అనిపించింది.

ఆయన కోపమంతా వసంత మీదికి మళ్ళింది. తేల్చే పని కోదండరామన్‌దే అన్నారు. కర్పూరమని తేలితే వ్యాసం లేదు, ఆమె కాంట్రాక్టు పొడిగింపూ లేదు. అందరి ముందే అన్నారు. అంటే ఆమె ఉద్యోగం నా చేతిలో పెట్టారు.

సాయంత్రం టీ అంగడి దగ్గర ఆమె నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుని సిద్ధంగా ఉన్నాను.

"మంచి అనుమానం అన్నా," అంది. "నాకు రావాల్సింది. ఎందుకు రాలేదా అని పొద్దుటి నించి అదే తలుచుకుంటా ఉండాను."

తిట్టినా బాగుండేది. అసూయపడేవాడికి ఎదుటివాళ్ళ మంచితనం కంటే పెద్ద శిక్ష లేదు.

పరీక్ష

నెల్లితోపు మార్కెట్లో దొరికిన రకాలన్నీ, బిళ్ళ కర్పూరం, పొడి కర్పూరం, సాంబ్రాణి, సంచి నిండా కొన్నాను. ఇంత భక్తి యాడ నుంచి వచ్చిందని సరోజ అడిగింది. సంగతి చెప్పాను. ఆమె "ఆఫీసులో ఆడమనిషి ఉంటే పెండ్లాం కుళ్ళుకోవాల. మనింట్లో మొగుడు కుళ్ళుకుంటా ఉండాడు," అని లోపలికి పోయింది.

నాచు పోయి నీళ్ళు తేటపడేదాకా ఆగాను. తరవాత గాలి సముద్రం వైపు నుంచి వచ్చే మధ్యాహ్నాలు చూసుకుని, ఇసుకలో దూరంగా కర్పూరం కాల్చి, ఆ పొగ మా డాబాకు వచ్చేలా చేశాను. వసంతను పైకి రావద్దన్నాను. తన పరికరమే అయినా ఆమె రాలేదు. పొగ వచ్చినప్పుడల్లా లెక్క ఒక్కసారిగా ఎగిరి, ఒక్కసారిగా పడిపోయింది. రేణువులు వచ్చేటప్పటికే పెద్దవి. పుట్టడం లేదు, పెరగడం లేదు. పొగ తాజాది కాబట్టి అలా ఉందేమో, సముద్రం మీద తిరిగొచ్చిన పొగ వేరుగా ఉంటుందేమో అనుకున్నాను. పెద్ద పారదర్శకమైన సంచి నిండా పొగ పట్టి, ఎండలో పూటంతా ఉంచి, అప్పుడు కొలిచాను. రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలయ్యాయి, అంతే. కర్పూరం చేత ఒక్క అరటిపండైనా కాయించాలని నేను పడిన శ్రమ నా డాక్టరేటుకు కూడా పడలేదు.

ఇక మిగిలింది నా కాగితాలు. పూజ వారంలో నా పంపునూ ఆపలేదు, ఎప్పటిలాగే సముద్రం వైపు నుంచి గాలి వచ్చిన వేళల్లో మాత్రమే నడిపాను. పూజ రోజు కాగితం బూడిదరంగులో ఉంది. అది సుబ్బరాయన్ గారి హారతి. తక్కినవి తెల్లగా ఉన్నాయి. అంటే వాటి మీద ఊరి పొగ లేదు. వాటిని యంత్రంలోకి పంపాను. ఉప్పుకొండ పాదం దగ్గర నా పాత చుట్టం, బొడిపె, ఎన్నడూ లేనంత పెద్దగా నిలబడి ఉంది.

ఈసారి కడగలేదు. యంత్రంలో పారే ద్రవాన్ని మార్చి, వేగం తగ్గించి, ఉప్పుకొండను పక్కకు జరిపాను. బొడిపె విడిగా, చక్కటి కొండగా లేచింది. నాచు వదిలే వాయువు ఎండకు మారినప్పుడు పుట్టే పదార్థం ఇంకొకటి ఉంది. గాలిలో అది సముద్రపు జీవాల నుంచి తప్ప దాదాపు వేరే దారిలో రాదు. దాని స్వచ్ఛమైన నమూనా వసంత బీరువాలో ఉంది. తెచ్చి నడిపాను. సరిగ్గా అదే చోట లేచింది. అరటిపండు కాసిన రోజుల్లో ఆ కొండ ఎత్తుగా ఉంది, నాచు పోయాక కాయని రోజుల్లో పొట్టిగా ఉంది. ఖాళీ కాగితం మీద అసలు లేనే లేదు.

అంతటితో ఆగాల్సింది. ఆగలేదు. ఫ్రీజరు తెరిచి, పాత సంవత్సరాల కాగితాల్లో మిగిలిన ముక్కలు తీసి నడిపాను. ప్రతి ఏడూ అది ఉంది. నాచు పెరిగే నెలల్లో వచ్చింది, తగ్గే నెలల్లో పోయింది. నేను కడిగినందుకు పోలేదు. బంగాళాఖాతం నా గదిలోకి ఏటేటా వచ్చి చెప్పిపోయిన మాటను నేను యంత్రం జబ్బు అనుకుని వైద్యం చేస్తూ కూర్చున్నాను. ఆమె వచ్చిన వారానికే ఇది ఏమిటని అడిగింది. అందరూ భోజనానికి పోయిన వేళ, ఆమె కిటికీ పక్కన ఆమె కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆ కొండల్ని చూశాను. అంతగా నా జన్మలో ఎప్పుడూ కుళ్ళుకోలేదు.

తేలలేదు అని ఒక్క ముక్క రాసిస్తే చాలు. సుబ్బరాయన్ గారు సంతోషంగా ఒప్పుకుంటారు, ఎవరికీ అనుమానం రాదు. ఆ ఆలోచన రాలేదని అనను, చాలాసేపే వచ్చింది. రాయకపోవడానికి కారణం నిజాయితీ అని కూడా అనను. ఆ కాగితాలు నావి. ఒక్కొక్కటీ నేను బిగించి, నేను విప్పినవి. వాటి మీద ఉన్నది లేదని చెప్పడం నాకు చేతకాలేదు.

తరవాత

సమావేశంలో లేచి కర్పూరం కాదు, సముద్రమే అని చెప్పాను. పూజ రోజు ఒక్కదాన్ని కొట్టేయమన్నాను. మన నాచు వానలు కురిపిస్తోందని పత్రికలకు చెప్పేద్దామని సుబ్బరాయన్ గారు అప్పుడే లేచారు. రేణువులు పుట్టడం చూశాం గానీ పైన మేఘంలో అవేం చేశాయో చూడలేదనీ, చూడనిది చెప్పొద్దనీ వసంత మెల్లగా అడ్డుపడింది. ఆ మాట నేను అనాల్సింది. అది కూడా ఆమే అనేసింది.

వ్యాసంలో ఆమె పేరు మొదటిది, నాది రెండోది. నేను అడగకుండానే పెట్టింది. ఆమె ఉద్యోగం పర్మినెంటు అయింది. వ్యాసానికి ఎవరెవరో ఎక్కడెక్కణ్ణుంచో అభ్యంతరాలు పంపారు. ప్రతిదానికీ నా పరీక్షల్లో జవాబుంది. కర్పూరం ఊసెత్తినవాళ్ళకు సంచి సంగతి చెప్పాం, గాలి ఊసెత్తినవాళ్ళకు బొడిపె చూపించాం. ఆమె ఫలితాన్ని కూలగొట్టాలని కట్టిన గోడే దానికి రక్షణగా నిలబడింది. ఇది తలుచుకుని సరోజ ఇప్పటికీ నవ్వుతుంది.

కొన్నాళ్ళకు వసంత తరవాతి వ్యాసం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందరికంటే ముందు నేనే చూడాలంది. ఎందుకని అడిగాను.

"మిగతావాళ్ళు సుమ్మా, ఊరికే, బాగుండాది అంటారన్నా," అంది. "మీరు కడుపుమంటతో సూస్తారు. అట్టనే సూడండి."

ఆమెకు అంతా తెలుసన్నమాట. సిగ్గుపడాల్సింది. కానీ నాకు సంతోషమేసింది. అప్పటినుంచి నేను రిటైరయ్యేదాకా ఆమె రాసిన ప్రతి కాగితం మొదట నా బల్ల మీదికే వచ్చింది. నేను నిప్పులు పోసుకున్న కళ్ళతో చదివేవాణ్ణి. ఒకసారి నాచు తక్కువున్న నెలలో కూడా అరటిపండు కాసింది. ఆమె అదీ సముద్రం ఖాతాలో వేసింది. ఆ వారం కురుచికుప్పంలో తీరం పొడుగునా చేపలు ఎండబెట్టారని నేను పట్టుకున్నాను. ఎండుచేప వాసనలో ఉండే వాయువులు కూడా కొత్త రేణువుల పుట్టుకకు సాయం చేస్తాయి. ఆ వారాన్ని ఆమె వెంటనే తీసేసింది. ఆ రోజు ఇంటికి పోతూ టౌన్ బస్సులో ఈల వేసుకున్నాను.

కొత్తవాళ్ళకు చెప్పదలిచింది ఇదే. మిమ్మల్ని మెచ్చుకునేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. మీ మీద అసూయపడే మనిషిని, అయితే అబద్ధం చెప్పడం చేతకాని మనిషిని ఒకణ్ణి దగ్గర పెట్టుకోండి. ఆమె మంచిదని అందరూ అంటారు. నేనంటాను, ఆమె తెలివైనది. నా కుళ్ళును కూడా ఒక పరికరంలా వాడుకుంది. డాబా మీద పరికరాలను చూసుకున్నంత శ్రద్ధగా నన్ను చూసుకుంది.

మొన్నటి బొరుగులు

మొన్న ఆయుధపూజకు రమ్మని పిలిచారు. ఇప్పుడు గొట్టాల మూతులు కట్టేసి గానీ ఎవరూ కర్పూరం వెలిగించరు. ఆ నియమం పెట్టించింది నేను. కొత్తవాళ్ళకు అది తెలియదు.

పూజయ్యాక బొరుగులు, బెల్లం, పుట్నాలు పంచారు. పొట్లం పట్టుకుని నా పాత గదిలోకి వెళ్ళాను. గోడ వైపు బల్ల దగ్గర, నా బల్ల దగ్గర, హేమ అనే అమ్మాయి కూర్చుని ఉంది. నా చోటులో కొత్తగా చేరింది. ఆమె ముందు వసంత రాసిన కొత్త వ్యాసం ఉంది, చేతిలో ఎర్ర కలం. పక్కన కుర్చీలో వసంత, అంత పెద్ద అధిపతి, బడిపిల్లలా చేతులు కట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది, కూర్చోమన్నాను. ఆ కాగితాలు ఒకసారి చూస్తానని చెయ్యి చాపాను.

"హేమ సూస్తా ఉండాదన్నా," అంది వసంత. "మీరు ఇంక హాయిగా ఉండండి."

హాయిగానే ఒక స్టూలు మీద కూర్చున్నాను. పై పేజీ నాకు తలకిందులుగా కనిపిస్తోంది. అందులో ఒక బొమ్మ. గాలి సముద్రం నుంచి వస్తున్నట్టు బాణం. ఊరి గాలి నీళ్ళ మీదికి పోయి తిరిగొచ్చే సంగతి ఎక్కడా లేదు. ఇన్నేళ్ళ తరవాత, పెద్ద పదవి వచ్చాక, మళ్ళీ అదే తప్పు. నాకు తలకిందులుగానే కనిపించింది. హేమ చదువుతూ ఆ బొమ్మను దాటి కిందికి పోయింది. నా ప్రాణం లేచి వచ్చింది. దాటేసింది, ఈ పిల్లకు చేతకాదు, ఇప్పుడు నేను మెల్లగా వేలు పెట్టి చూపిస్తాను అనుకుని నోట్లో బొరుగులు వేసుకున్నాను.

హేమ ఆగింది. కళ్ళు చిట్లించింది. కలం వెనక్కి తెచ్చి ఆ బాణం మీద పెట్టి, పొద్దున ఈ గాలి ఎక్కడుందో రాయలేదేమని వసంతను కొంచెం కటువుగానే అడిగింది.

వసంత నా వైపు చూస్తుందని ఎదురుచూశాను. చూడలేదు. ఆమె హేమనే చూస్తోంది, ఒకప్పుడు టీ అంగడి దగ్గర నన్ను చూసినట్టే. "మంచి అనుమానం," అని తమిళంలో అంది.

పొట్లం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చి బస్సెక్కాను. ఇంటికి చేరేసరికి నా ముఖం చూసి సరోజ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఏంది అట్టుండావు?" అంది. "ఆ వసంతకు మళ్ళా ఏమన్నా ప్రైజు వచ్చినాదా?"

"లేదు," అన్నాను. "ప్రైజొచ్చినా బాగుండేది."